జేబులు కుట్టేసిన వారం

రెండో తరగతి పిల్లలు పుస్తకం తెరవకముందు జేబులు తెరుస్తారు.

బస్సు డిపో వెనకున్న ఆ బడిలో పొద్దున్న మొదటి గంట చదువు గంట. హాజరు అయ్యాక టీచరు నల్లబల్ల మీద పాఠం పేరు రాసి, సుద్ద దులుపుకుని, "పుస్తకాలు ముయ్యండి. ఇది వినగానే మీకేం తెలుసో చూసుకోండి" అంటుంది. పిల్లలు జేబుల్లో చెయ్యి పెడతారు. ఏం తెలుసో అది అక్కడ ఉంటుంది.

"రైలు" అని రాసిన రోజు గార్డు కొడుకు జేబులోంచి ఆకుపచ్చ జెండా వచ్చింది. ఇంకొకడి జేబులో పైబెర్తు మీద నిద్రపోయిన మేనత్త చెప్పు దొరికింది. పట్టాల పక్క ఇంట్లో ఉండే పిల్ల ఎప్పుడూ రైలెక్కలేదు, పాపం. దాని జేబులో రైలు కూత ఒక్కటే ఉంది. అది ఎంతకీ ఆగకపోతే టీచరు ఆ పిల్లని కిటికీ పక్కకి జరిపి పాఠం మొదలుపెట్టింది. పాఠంలో "రైలు దూరం నుంచి వస్తోంది" అన్న మాట దగ్గర అందరికంటే ముందు తలెత్తింది మాత్రం ఆ పిల్లే.

ఇందులో నోరెళ్ళబెట్టాల్సింది ఉందని ఎవరూ అనుకోలేదు. తల్లులకి ఉన్నదల్లా ఉతుకుడు బాధ. "నిన్న చొక్కా నానబెడితే కప్ప వచ్చింది టీచర్. బకెట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది మహారాజులా. కాస్త పొడి పాఠాలేవైనా చెప్పకూడదా?" అని ఒకామె గేటు దగ్గర నిలదీసింది.

"వచ్చే వారం ఎడారి ఉందిలెండి" అంది టీచరు.

"ఇసుకా? వద్దు తల్లీ, కప్పే నయం" అని ఆమె వెళ్ళిపోయింది.

బడి ఎదురుగా దుకాణం పెట్టిన దర్జీ రెండో తరగతి చొక్కాలకి మాత్రం జేబు లోపల ఇంకో పొర గుడ్డ వేసి కుట్టేవాడు. అదనంగా ఏమీ అడిగేవాడు కాదు. చిన్నప్పుడు అతనూ ఆ బడిలోనే చదివాడు. మూడో తరగతికి వెళ్ళాక జేబుల్లో ఇంకేమీ రాదని అతనికి తెలుసు. పెద్దవాళ్ళ జేబుల సంగతి చెప్పేదేముంది, తాళంచెవి, దువ్వెన, మందుల చీటీ.

ఆ తరగతిలో గోళీ అని ఒక పిల్ల ఉంది. పేరు వేరే ఏదో హాజరు పట్టీలో ఉంది కానీ, కళ్ళు గుండ్రంగా ఉంటాయని వాళ్ళ అమ్మమ్మ గోళీ అంది, అదే నిలిచిపోయింది. గోళీకి ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. అమ్మమ్మకి డిపో గోడ పక్కన సైకిళ్ళ పంక్చరు దుకాణం ఉంది. దుకాణమంటే మరీ పెద్ద మాట. నాలుగు రేకులు, ఒక గాలి పంపు, ఒక నీళ్ళ తొట్టి, మేకుకి వేలాడే పాత ట్యూబులు. ఆడది పంక్చరేస్తే నిలుస్తుందా అని మొదట్లో నవ్విన మగవాళ్ళంతా తర్వాత సైకిలు నడిపించుకుంటూ అక్కడికే వచ్చారు. అమ్మమ్మ కూడా ఊరుకునే రకం కాదు. "ఏం బాబూ, పోయినసారి మగాడు వేసిన ప్యాచ్ ఎన్నాళ్ళుందేంటి?" అని అడిగి మరీ ట్యూబు చేతిలోకి తీసుకునేది.

గోళీ పుట్టి బుద్ధెరిగింది ఆ తొట్టి పక్కనే. చదవడంలో మాత్రం నత్త. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, అక్కడ కాసేపు కూర్చుని, అక్షరం తనతో ఏమైనా అంటుందేమోనని చూసి, అప్పుడు తర్వాతి దాని దగ్గరికి వెళ్ళేది. మొదటి బల్ల మీద మందుల షాపాయన కూతురుండేది, పిల్లలు దాన్ని టేపు అని పిలిచేవాళ్ళు. అది ఊపిరి తీసుకోకుండా పేజీ మొత్తం గడగడా అప్పజెప్పేది. ఒక్క తప్పు ఉండేది కాదు. దాని జేబులో కూడా ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. టీచరుకి ఆ ఖాళీ జేబు చూస్తే గోళీ నత్త నడక కంటే ఎక్కువ దిగులేసేది. ఆ మాట హెడ్మాస్టరుతో అంటే, "శుభ్రమైన జేబు, శుభ్రమైన చదువు. మీకు దిగులెందుకు?" అన్నాడాయన.

హెడ్మాస్టరు చెడ్డవాడని చెప్పలేం. చిన్నప్పుడు ఆయన్ని మోకాళ్ళ మీద నిలబెట్టి చదివించారు. అలా నిలబడితేనే చదువు వస్తుందని ఆయన మోకాళ్ళు ఇప్పటికీ నమ్ముతాయి. పైగా పోయిన ఏడాది తనిఖీ రోజు జరిగింది ఆయన మర్చిపోలేకపోయాడు. పాఠం "మేక". పాలవాడి కూతురు జేబులోంచి మేకపిల్ల ముందు కాళ్ళు, తర్వాత తల, తర్వాత మిగతా శాల్తీ బయటికొచ్చి, ఇన్‌స్పెక్టరమ్మ నివేదిక మూడు పేజీలు నమిలేసింది. ఆవిడ ఏమీ అనలేదు, కొత్త కాగితాలు అడిగింది అంతే. ఆయనకి మాత్రం ఆ అవమానం అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది తనిఖీకి పదిహేను రోజుల ముందు గోళీ కొంప మునిగింది.

ఆ రోజు పాఠంలో ఒక పిల్లాడు మెట్ల మీద పడి మోకాలు చీరుకుంటాడు. డాక్టరు గాయం కడిగి, మందు రాసి, పట్టీ వేస్తాడు. గోళీ ఎప్పటిలా మెల్లగా చదివింది. హెడ్మాస్టరు వరండాలో వెళ్తూ ఆగి, కిటికీలోంచి అడిగాడు. "ఏయ్ నత్తా, డాక్టరు ఏం చేశాడు?"

గోళీకి జవాబు తెలిసిన ప్రశ్న అది. చెయ్యి జేబులో పెట్టింది. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. లేచి నిలబడి ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ ధైర్యంగా చెప్పింది.

"ముందు ఆకురాయితో బాగా గీకాడు సార్. గరుకెక్కాక సొల్యూషన్ రాశాడు. ఉఫ్ ఉఫ్ అని ఊది ఆరబెట్టాడు. ప్యాచ్ అంటించి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. అప్పుడు నీళ్ళలో ముంచి చూశాడు."

తరగతి తరగతంతా పడి పడి నవ్వింది. రైలు కూత పిల్లకి వెక్కిళ్ళు వచ్చాయి. గోళీ నవ్వలేదు. అందులో తప్పేముందో దానికి అంతుపట్టలేదు. ఆకురాయి కళ్ళ ముందే ఉంది కదా.

హెడ్మాస్టరు లోపలికి వచ్చాడు. "విన్నారా టీచర్? పిల్లాడి మోకాలు ఆకురాయితో గీకాడట. ఇదీ మీ జేబుల చదువు. పేజీలో ఉన్నది చదవరా మొర్రో అంటే ఇంట్లో ఉన్నది పట్టుకొస్తారు."

"తప్పు దానిది కాదు సార్. నాది."

"ఎవరిదైతేనేం? ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజు ఈ పిల్ల పాఠం చదివి ఒక్క ప్రశ్నకి, ఒక్కటంటే ఒక్కదానికి, తిన్నగా జవాబు చెప్పాలి. చెప్పలేదా, పట్టాల అవతల మందబుద్ధి పిల్లల బడికి పంపించేస్తాను. మా బడి అంకెలు పాడుచేసుకోలేను."

ఆ మాట పిల్లల ముందే అన్నాడు. పెద్దవాళ్ళకి చిన్నపిల్లల చెవులు కనపడవు.

ఆ సాయంత్రం టీచరు తన సైకిలు చక్రంలో గాలి తానే తీసేసుకుని, నడిపించుకుంటూ అమ్మమ్మ దుకాణానికి వెళ్ళింది. ఊరికే వెళ్తే ఆవిడ కూర్చోబెట్టి మర్యాద చేస్తుంది, మర్యాద చేస్తే మాట పెగలదు.

అమ్మమ్మ ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, తొట్టిలో ముంచి ఒక చుట్టు తిప్పింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. తలెత్తి టీచరు ముఖం చూసింది.

"ట్యూబులో చిల్లు లేదు టీచరమ్మా. చిల్లు ఇంకెక్కడో ఉంది. చెప్పండి."

టీచరు చెప్పింది. అమ్మమ్మ వింటూనే ట్యూబు తుడిచి, టైరులో సర్ది, గాలి కొట్టింది. 

"పట్టాల అవతలికి నేను తీసుకెళ్ళలేను. ఈ కాలు వాచిపోయి గుంజలా ఉంది. ఒక్కదాన్నీ పంపను. అంటే బడి అయిపోయినట్టే" అంది చివరికి. "పోనీ ఇక్కడ కూర్చోబెడితే నాకు ఇంకో రెండు చేతులు కలిసొస్తాయి. పని తెలుసు దానికి. నాకు భయం అదేనమ్మా. ఒకసారి కలిసొచ్చిందంటే మళ్ళీ వదలబుద్ధి కాదు నాకు. నేనేం దేవతని కాదు."

గోళీ తొట్టి అవతల కూర్చుని వాల్వు మూతలు వరసగా పేరుస్తోంది. అన్నీ వింటోంది.

"నేను సగమే నేర్పాను" అంది టీచరు. "జేబులోంచి తియ్యడం నేర్పాను. తీసింది పేజీకి సరిపోతుందో లేదో చూడటం నేర్పలేదు."

అమ్మమ్మ ఫక్కున నవ్వింది. "ఇదా? ఇది దానికి తెలియకపోవడమేంటి? ఒసేయ్ గోళీ, ఇటు రా. ముందు చిల్లు చూసి ప్యాచ్ కత్తిరిస్తామా, ప్యాచ్ కత్తిరించి చిల్లు వెతుకుతామా?"

"చిల్లు చూసే" అంది గోళీ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"పెద్ద ప్యాచ్ చేతిలోకి వచ్చింది, చిల్లేమో సూది మొనంత ఉంది. ఏం చేస్తావు?"

"మళ్ళీ డబ్బాలో పడేస్తా. వేరేది తీసుకుంటా."

"మరి డాక్టరు దగ్గర సుత్తి ఎందుకు పడెయ్యలేదే, గాడిదా?"

గోళీ గుండ్రటి కళ్ళు ఇంకా గుండ్రమయ్యాయి. టీచరు సంచిలోంచి పుస్తకం తీసి మోకాలి పాఠం తెరిచింది. గోళీ ముందు నల్లటి చేతులు తొట్టిలో కడుక్కుంది. తర్వాత జేబులోంచి ఆకురాయి తీసి పేజీ మీద పెట్టింది. "గాయం కడిగి" అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆకురాయి తీసి మళ్ళీ జేబులో వేసుకుంది. సుత్తి పెట్టింది, వేసుకుంది. సొల్యూషన్ గొట్టం పెట్టింది, "మందు రాసి" దగ్గర కాసేపు ఊగిసలాడింది.

"ఇది కాదు. కానీ ఇలాంటిదే" అంది.

"ఇలాంటిదే అని తెలిసింది కదా, చాలు. పేజీ దాని పేరేం చెప్పిందో అదే అను" అంది టీచరు.

ఆ తర్వాత పది రోజులూ రెండో తరగతిలో పని పెరిగింది. ఇదివరకు జేబులోంచి తీసి బల్ల మీద పెడితే అయిపోయేది. ఇప్పుడు ప్రతి వస్తువునీ తీసుకెళ్ళి వాక్యం పక్కన నిలబెట్టి, "నీకిక్కడ పనుందా?" అని అడగాలి. లేదంటే లోపలికి. పిల్లలు దీన్ని ఆటగా తీసుకుని ఒకరి వస్తువుల మీద ఒకరు కోర్టు పెట్టారు. గార్డు కొడుకు జెండాని నాలుగుసార్లు వెనక్కి పంపించారు, వాడు అలిగాడు. గోళీ ఇప్పటికీ నత్తలాగే చదివేది. కానీ ప్రతి వాక్యం చివర ఒక్కసారి జేబు తడిమి, మళ్ళీ వాక్యం మొదటికి వెళ్ళేది.

తనిఖీ వారం సోమవారం నాడు హెడ్మాస్టరు నోటీసు పెట్టాడు. రెండో తరగతి పిల్లల చొక్కాల జేబులు మూసి కుట్టించుకురావాలి. కుట్టని పిల్లల్ని గేటు దగ్గరే ఆపేస్తారు.

దర్జీ ముప్పై రెండు చొక్కాలు ముందేసుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరు స్వయంగా వచ్చి పర్యవేక్షించాడు.

"రెండు వరసలు వెయ్యవయ్యా. కుట్టు దగ్గరగా ఉండాలి."

"వేస్తున్నాను సార్. నాకు తెలిసిన పని జేబు పెట్టడం. మూసెయ్యమని అడిగినవాళ్ళు ఈ వీధిలో మీరొక్కరే."

"పిల్లలకి జేబులెందుకసలు?"

దర్జీ దారం పళ్ళతో తెంపాడు. "మీ చొక్కాకి మూడు పెట్టించుకున్నారు సార్ పోయిన నెల" అన్నాడు. హెడ్మాస్టరు వినపడనట్టు బయటికి చూశాడు. కుట్టు మాత్రం దర్జీ గట్టిగానే వేశాడు. పని చెడగొట్టడం అతనికి చేతకాదు.

ఆ వారం రెండో తరగతి నిశ్శబ్దంగా ఉంది. ఎవరి జేబులోంచీ ఏదీ రాలేదు. గడగడా చదివేవాళ్ళు గడగడా చదివారు, మెల్లగా చదివేవాళ్ళు మెల్లగా. పాఠం అయ్యాక టీచరు ఏదైనా అడిగితే ముప్పై రెండు ముఖాలు సున్నం కొట్టిన గోడలా ఉండేవి. పిల్లల చేతులు మాత్రం అలవాటు కొద్దీ గుండెల మీద కుట్టు దగ్గర తచ్చాడేవి. హెడ్మాస్టరు వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, "చూశారా, ఎంత క్రమశిక్షణో" అన్నాడు.

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఆ వారంలో ఆవిడకి అది తొమ్మిదో బడి. కొత్త చెప్పులు కరిచి మడమల మీద బొబ్బలెక్కాయి. కుర్చీలో కూర్చుని, చేతిసంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఒక కాగితం తీసింది. పిల్లలెవరూ చూడని పాఠం అది. చదివించడం, ఒక్క ప్రశ్న అడగడం, అంతే.

ఆ ఊరి నుంచి సముద్రం రెండు రోజుల ప్రయాణం. తరగతిలో ఎవరూ దాన్ని చూడలేదు. పాఠమేమో తిమింగలం గురించి.

హెడ్మాస్టరు టేపుని ముందుకి తోశాడు. టేపు కాగితం అందుకుని మొదలుపెట్టింది.

"తిమింగలం సముద్రంలో ఉంటుంది. అది చేప కాదు. దానికి నీళ్ళలో ఊపిరాడదు. గాలి కోసం పైకి వస్తుంది. దాని తల మీద ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి ఊపిరి వదులుతుంది. ఒక రోజు ఒకామె పడవలో వెళ్తోంది. సముద్రం కదలకుండా ఉంది. పడవ పక్కన నీళ్ళలో బుడగలు వచ్చాయి. ఒకటి, రెండు, తర్వాత చాలా. ఆమె గబగబా పడవను వెనక్కి తిప్పింది."

"బాగా చదివావు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఆమె పడవ ఎందుకు తిప్పింది?"

"ఆమె గబగబా పడవను వెనక్కి తిప్పింది" అంది టేపు.

"అవును. ఎందుకు?"

టేపు ఆ వాక్యం మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా స్పష్టంగా. తర్వాత కాగితం తిరగేసి వెనక వైపు చూసింది. దానికి తెలిసిన చదువు అక్కడితో అయిపోయింది, పాపం. దాని తప్పేం లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఏదో రాసుకుని, "ఇంకొకరు" అంది.

హెడ్మాస్టరు టీచరు వైపు తిరిగాడు. "పిలవండి మీ నత్తని. ఈ పని కూడా అయిపోతుంది."

గోళీ లేచి వచ్చింది. కాగితం బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది. తి. మిం. గ. హెడ్మాస్టరు దగ్గాడు. ఇన్‌స్పెక్టరమ్మ బల్ల కింద చెప్పులోంచి మడమ మెల్లగా బయటికి తీసింది. బయట డిపోలో రెండు బస్సులు వెళ్ళిపోయాయి, మూడోది స్టార్ట్ కాక గురగురలాడింది. గోళీ బుడగల దగ్గరికి వచ్చింది.

బుడగలు. దాని చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కుట్టు తగిలింది. లోపల మాత్రం చల్లగా ఉంది.

పాఠం చదవడం అయ్యేసరికి జేబు గుడ్డ నల్లగా తడిసింది. రెండు వరసల కుట్టు దేన్నైనా ఆపగలదు కానీ నీళ్ళని ఆపుతుందా? చొక్కా అంచు నుంచి బొట్లు బొట్లుగా జారి, నేల మీద గోళీ కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. టీచరు చూసింది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా చూసి, సంచి కొంచెం పక్కకి జరుపుకుంది. హెడ్మాస్టరు చూసి, "తుడిపిస్తానండి" అన్నాడు.

"తర్వాత తుడవచ్చు. చెప్పు పాపా, ఆమె పడవ ఎందుకు తిప్పింది?"

గోళీకి జవాబు నాలిక చివరికి వచ్చేసింది. తిమింగలానికి పంక్చరైంది! నీళ్ళలో బుడగలొస్తే ఇంకేం ఉంటుంది? నోరు తెరిచింది.  టీచరు మాట అందించకూడదు. చేతిలో ఉన్న సుద్దముక్క మాత్రం రెండు ముక్కలైంది.

గోళీ నోరు మూసుకుంది. వేలు మళ్ళీ కాగితం మీదికి వెళ్ళింది. మెల్లగా వెనక్కి, ఒక్కో వాక్యం దాటుకుంటూ. "దాని తల మీద ఒక రంధ్రం ఉంటుంది." ఉంటుంది అని ఉంది, పడింది అని లేదు. మేకు గుచ్చుకుంటే పడే చిల్లు కాదు ఇది. మొదటి నుంచీ ఉండేది.

"వాల్వు" అంది గోళీ.

"ఏంటీ?" అన్నాడు హెడ్మాస్టరు.

గోళీ ఆయన వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టరమ్మతో చెప్పింది. "దానికి చిల్లేం పడలేదండీ. తల మీద ఉన్నది వాల్వులాంటిది, గాలి వదలడానికి. లోపల గాలి ఉన్నది నీళ్ళ కింద ఎంతోసేపు ఉండదండీ. మా అమ్మమ్మ ట్యూబు ముంచితే రెండు చేతులా నొక్కి పట్టుకోవాలి. పట్టు వదిలామంటే తటాలున పైకి లేచి ముఖం మీద కొడుతుంది. బుడగలొచ్చాయంటే కింద అది ఉంది. ఒకటీ రెండూ అయ్యాక చాలా వచ్చాయంటే దగ్గరికి వచ్చేసింది. గాలి కోసం పైకి వస్తుందని ఇక్కడ రాసుంది కదా. ఆ బుడగల దగ్గరే లేస్తుంది. పడవ అక్కడే ఉంటే బోల్తా పడుతుంది. అందుకే ఆమె తిప్పేసింది."



"ట్యూబు!" అన్నాడు హెడ్మాస్టరు. మడుగు దాటి గోళీ ముందుకొచ్చి నిలబడ్డాడు. "తిమింగలం గురించి అడిగితే ట్యూబు, అమ్మమ్మ, వాల్వు! ఎక్కడుంది ట్యూబు? ఏ లైన్లో ఉంది? చూపించు!"

ఆయన చెప్పుల పక్కన మడుగులో ఒక బుడగ వచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని చూసింది. ఇంకోటి వచ్చింది. ఆవిడ చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత చాలా వచ్చాయి. ఆవిడ గబగబా లేచి కుర్చీ వెనక్కి లాక్కుంది. టీచరు రెండు చేతులా ముందు బల్లల పిల్లల్ని గోడ వైపు తోసింది. తోయాల్సిన అవసరం లేకపోయింది, ముప్పై ఒక్క మంది అప్పటికే వెనక్కి నడుస్తున్నారు. గోళీ కూడా రెండడుగులు వెనక్కి వేసింది. ఒక్క హెడ్మాస్టరు మాత్రం కాగితం చేతిలోకి లాక్కుని దాని మీద వేలు పెట్టి అక్కడే నిలబడి ఉన్నాడు. "చూపించమన్నానా? ఏ లైన్లో?"

మడుగులోంచి ఊపిరి లేచింది.

కప్పు దాకా వెళ్ళింది. పంకా రెక్కలకి తగిలి గది నాలుగు మూలలకీ చిమ్మింది. పచ్చి చేపల వాసన, ఉప్పు వాసన, ఇంకా ఆ గదిలో ఎవరికీ పేరు తెలియని వాసన ఒకటి. ఎంతో పెద్ద గుండెలోంచి వచ్చినట్టు ఒక నిట్టూర్పు వినిపించింది. తర్వాత మడుగు మామూలు మడుగైపోయి, కిటికీ వెలుతురులో మెరుస్తూ ఉండిపోయింది.

అంతవరకు ఆ బడిలో ఏ పిల్ల జేబులోంచీ దానికి తెలిసింది తప్ప ఇంకేమీ రాలేదు. తెలిసినదాని చెయ్యి పట్టుకుని తెలియనిది రావడం అదే మొదలు. ఆ సంగతి ఒక్క టీచరు గమనించింది. 

హెడ్మాస్టరు నెత్తి నుంచి మూడు జేబుల దాకా తడిసి నిలబడి ఉన్నాడు. చేతిలోని కాగితం ముద్దైపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో మళ్ళీ కూర్చుంది. సంచిలోంచి తుండుగుడ్డ తీసి ఆయనకి ఇచ్చింది.

"ఈ పాఠం మీరు చదివారా?" అని అడిగింది.

"చదవడమా? ఇద్దరు పిల్లలతో పాటూ మనసులో రెండుసార్లు చదివానండీ. అప్పజెప్పగలను."

"అలాగా" అంది ఆవిడ. తన నివేదికలో గోళీ పేరు వెతికి, పక్కన రాసింది. రాస్తూ పైకే చదివింది, పిల్లకి వినపడాలని. "మెల్లగా చదువుతుంది. చదివింది అర్థం చేసుకుంటుంది. మూడో తరగతి." ఒక్క క్షణం ఆగి, కింద ఇంకో వాక్యం రాసింది. "జేబులు విప్పించవలెను."

గోళీ అడిగింది. "మూడో తరగతి ఇక్కడేనా అండీ? పట్టాల ఇవతలేనా?"

"ఇవతలే."

గోళీ తలూపి తన చోటికి వెళ్ళి కూర్చుంది. టీచరు నల్లబల్ల వైపు తిరిగి, ఏమీ రాయని చోట చాలాసేపు తుడిచింది.

దర్జీ ఆ సాయంత్రమే ముప్పై రెండు జేబుల కుట్లు బ్లేడుతో విప్పాడు. గోళీ చొక్కా జేబు దగ్గర ఉప్పు పేరుకుని గుడ్డ బిరుసెక్కింది. అతను దాన్ని చేత్తో నలిపి, వాసన చూసి, లోపలి పొర కొత్తది వేసి ఇచ్చాడు.

మర్నాడు బడి వదలగానే టేపు పంక్చరు దుకాణం ముందు వచ్చి నిలబడింది. ఇస్త్రీ చొక్కా, తెల్ల మేజోళ్ళు.

"ఏం కావాలమ్మా? సైకిలేదీ?" అంది అమ్మమ్మ.

"సైకిల్ లేదు. బుడగలు చూస్తాను."

"చూస్తే ఏం తెలుస్తుంది? చేతులు పెట్టు" అని అమ్మమ్మ తొట్టి ముందుకి తోసింది. టేపు మోచేతుల దాకా ముంచి ట్యూబు పట్టుకుంది. గోళీ "నొక్కు, ఇంకా నొక్కు" అని చెప్తూ, తర్వాత "ఇప్పుడు వదులు" అంది. ట్యూబు లేచి టేపు ముఖం మీద నీళ్ళు కొట్టింది. ఆ పిల్ల మొదట అదిరిపడింది. తర్వాత దానికి నవ్వొచ్చింది. నవ్వడం దానికి అంత బాగా రాదు, వెక్కిళ్ళలా వచ్చింది. సోమవారం నాడు దాని జేబు అడుగున చెంచాడు నీళ్ళు ఉన్నాయని వాళ్ళమ్మ టీచరు మీద విరుచుకుపడింది.

ఆ శుక్రవారం సాయంత్రం టేపు వెళ్ళిపోయాక గోళీ దుకాణంలోకి వచ్చి తొట్టి పక్కన కూర్చుంది. అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఇంతకీ ఏంటే ఆ జంతువు? ఎంత ఉంటుందిట?"

"పెద్దది. చాలా పెద్దది అమ్మమ్మా. డిపో అంత ఉంటుందేమో. అది ఉండేది సముద్రంలో."

"సముద్రం ఎలా ఉంటుంది?"

గోళీ ఆలోచించింది. జేబులో చెయ్యి పెట్టి, పిడికిలి మూసి జాగ్రత్తగా బయటికి తీసి, ఖాళీ సొల్యూషన్ డబ్బాలో వదిలింది. నీళ్ళే, కానీ కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి. డబ్బా కదలకపోయినా అవి మాత్రం ఇటొకసారి అటొకసారి ఊగుతున్నాయి.

అమ్మమ్మ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

"ఇంత ఉప్పా! ఇది ట్యూబులకి పనికిరాదు. రిమ్ము తాకిందంటే తుప్పే."

అని డబ్బా ఎత్తి వీధి వైపు తిరిగింది. పారబోయడానికి చెయ్యి చాపింది కూడా. తర్వాత ఏమనుకుందో, లేచి కుంటుకుంటూ వెళ్ళి, ప్యాచ్‌ల డబ్బాకీ ఆకురాయికీ మధ్య చోటు చేసి పెట్టి, దుమ్ము పడకుండా పైన ఒక వాల్వు మూత బోర్లించబోయింది. అది సరిపోలేదు. పక్కన పడేసి, ఇంకో పెద్ద మూత వెతికింది.